‘మా నాన్నకీ అదే’: క్యాన్సర్ వాట్సాప్ గ్రూపులు ఎక్కడిదాకా తోడు?

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రమే చాలా ఇళ్లలో ఒక పని జరిగిపోతుంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఆ కాగితాన్ని ఫొటో తీయించుకుని తెలిసినవాళ్లకు పంపుతాడు. వాళ్లు ఇంకెవరిదో నంబరు ఇస్తారు. మర్నాటికి అతని ఫోన్‌లో ఒక కొత్త గ్రూపు చేరుతుంది. అందులో మూడు వందల మంది ఉంటారు, ఒక్కరి ముఖమూ అతను ఎరగడు. అతను అడిగిన మొదటి ప్రశ్నకు వచ్చే మొదటి జవాబు మాత్రం తరచుగా ఒకటే: ‘మా నాన్నకీ అదే.’

ఆ రాత్రికి అంతకన్నా ఊరటనిచ్చే మాట ఉండదు. తర్వాతి వారాల్లో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం కూడా ఆ మాటే.

క్లుప్తంగా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోగుల కుటుంబాలకు ఈ గ్రూపులు చికిత్స చుట్టూ ఉండే పనుల్లో గట్టిగా పనికొస్తాయి. ప్రయాణం, కాగితాలు, ముక్కు గొట్టం ద్వారా తిండి, మలం సంచి మార్చడం అలాంటివి. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని సైకిళ్లు (కీమో విడతలు) అనే చోట మాత్రం అవే గ్రూపులు దారి తప్పిస్తాయి. ఒకరి అనుభవం మరొకరికి ఎక్కడిదాకా వర్తిస్తుందో చూపే గీత గ్రూపులో ఎక్కడా కనబడకపోవడమే దీనికి కారణం. కీమో రోజుల్లో వచ్చే జ్వరం దగ్గర ఈ తేడా గంటల్లోనే తేలిపోతుంది.

విశాఖ దారి

విజయనగరం నుంచి విశాఖపట్నం అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే రెండు వందలు దాటుతుంది. టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది నగరంలో కాదు, అనకాపల్లి వైపు అగనంపూడిలో. పలాసలో రైలెక్కిన మనిషి విశాఖ స్టేషన్‌లో దిగితే ఊరంతా దాటుకుని మళ్లీ వెళ్లాలి. దువ్వాడలో ఆగే బండి పట్టుకుంటే ఆసుపత్రి దగ్గరవుతుంది. మ్యాప్ దూరం చూపిస్తుంది గానీ, గొట్టంతో ఉన్న మనిషిని తీసుకెళ్లడానికి ఏ బండి నయమో చెప్పదు. అది నిన్న వెళ్లొచ్చినవాళ్లకే తెలుస్తుంది.

ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ సంగతి మరీ కష్టం. నోరు, గొంతు క్యాన్సర్లకు మామూలుగా 30 నుంచి 35 సిట్టింగులు ఉంటాయి. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. మిషన్ కింద పడుకునేది కొద్ది నిమిషాలే అయినా, ఆ నిమిషాల కోసం రోగి, తోడు మనిషి నెలన్నరకు పైగా విశాఖలో ఉండాలి. గది అద్దె, రెండు పూటల తిండి, పోయిన కూలి, ఊళ్లో వదిలేసి వచ్చిన జీడితోట, పశువులు. ఇవన్నీ మాట్లాడుకునేది ఆసుపత్రి బెంచీ మీద. నంబర్లు మార్చుకునేదీ అక్కడే. ఈ ప్రాంతంలో ఇలాంటి గ్రూపంటే ఆ బెంచీకి కొనసాగింపు.

ఆ బెంచీకీ ఈ గ్రూపుకూ ఒక తేడా ఉంది. బెంచీ మీద కూర్చున్నది రోగి. గ్రూపులో ఉన్నది, వలస వెళ్లిన కుటుంబాల్లో ముఖ్యంగా, కొడుకో కోడలో. వాళ్లు రాసేది ఫోన్లో విన్న సంగతి. ‘అమ్మకి తినబుద్ధి కావట్లేదు’ అన్న వాక్యం వెనక నోటిపూత ఉందా, వాంతులున్నాయా, మలబద్ధకం ఉందా, దిగులుందా అన్నది రాసేవాళ్లకే తెలియదు. సగం సమాచారంతో వేసిన ప్రశ్నకు నిండు భరోసాతో జవాబులు వస్తాయి.

ప్రయోజనం ఎవరికి?

రోగులకు రోగులే తోడు అనే ఆలోచన ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. రొమ్ము ఆపరేషన్ అయిన మహిళలను, అంతకుముందు ఆ ఆపరేషన్ దాటి వచ్చిన మహిళలే ఆసుపత్రికి వెళ్లి పలకరించే ‘రీచ్ టు రికవరీ’ కార్యక్రమాన్ని అమెరికాలో 1952లో టెరీస్ లాసర్ మొదలుపెట్టారు. 1995లో ఏకార్ అనే సంస్థ ఇంటర్నెట్‌లో ఒక్కో రకం క్యాన్సర్‌కు ఒక్కో ఈమెయిల్ బృందం ఏర్పాటు చేసింది. జబ్బుకో బృందం అన్న ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఇలాంటి తోడు వల్ల ఆయుష్షు పెరుగుతుందా? ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మందిపై డేవిడ్ స్పీగెల్ బృందం 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం పెరుగుతుందన్నట్టు సూచించి సంచలనమైంది. 2001లో 235 మందితో పామెలా గుడ్‌విన్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు. మానసిక బాధ, నొప్పి మాత్రం తగ్గాయి. అదీ మొదట్లో ఎక్కువ కుంగిపోయి ఉన్నవారిలోనే. పిట్స్‌బర్గ్‌లో విక్కీ హెల్గెసన్ బృందం 312 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలతో చేసిన పరిశీలన ఇంకో మెలిక చూపించింది. ఇంట్లో, డాక్టరు దగ్గర సరైన ఆసరా లేనివారికి తోటివారి చర్చా బృందాలు మేలు చేశాయి. ఆసరా బాగా ఉన్నవారికి అవే బృందాలు కాస్త చెరుపు చేశాయి. వాళ్ల శారీరక ఆరోగ్యం కొంత డీలాపడింది. ఇక ప్రత్యేకంగా రొమ్ము క్యాన్సర్ మహిళల ఆన్‌లైన్ బృందాల విషయంలో, వైద్య పరిశోధనలను కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్షకు దొరికినవి ఆరు అధ్యయనాలే. గట్టిగా ఒక మాట చెప్పడానికి అవి చాలలేదు.

వీటిని బట్టి చూస్తే, రిపోర్టు రాగానే అందరినీ గ్రూపులో చేర్చేయడం మంచి పద్ధతి కాదు. నీడలా వెంట ఉండే ఇద్దరు కూతుళ్లు, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చే డాక్టరు ఉన్న మనిషికి రోజుకు రెండు వందల మెసేజ్‌లు భారమే. ఒంటరిగా ఆసుపత్రికి వచ్చిపోయే మనిషికి అవే ఊతం.

అంబలి, గొట్టం, సంచి

తోటివారి జ్ఞానం ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడాలంటే గొట్టం తిండి సంగతి చాలు. ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ తాగడం, అంటే నిప్పున్న కొనను నోట్లో పెట్టుకోవడం, తరాలుగా ఉన్న అలవాటు. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ ఈ ప్రాంతపు ప్రత్యేకత. అందుకే పొగాకు, నోటి క్యాన్సర్లపై దేశంలో జరిగిన పెద్ద పరిశోధనల్లో ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది. నోటికి ఆపరేషన్ అయినా, కరెంటు పెట్టినా, కొన్ని వారాలు ముక్కు గొట్టంతోనే తిండి.

డిశ్చార్జి రోజున నర్సు చూపించేది ఒక్కసారి. ఇంటికొచ్చాక అంబలి పోస్తారు, నాలుగో రోజుకు గొట్టం పూడిపోతుంది. ఎందుకు? మామూలు చోడి (రాగి) పిండితో కాచిన అంబలి వేడిగా ఉన్నప్పుడు జారుగా ఉన్నా, చల్లారేకొద్దీ గొట్టంలో గట్టిపడుతుంది. అనుభవమున్నవాళ్లు ఇక్కడ చెప్పే చిట్కా శాస్త్రానికి సరిపోయేదే: చోళ్లను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి ఆడించిన పిండి వాడాలి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విరిచేస్తుంది కాబట్టి అంబలి అంత చిక్కబడదు, అదే పలచదనంలో ఎక్కువ పిండి పడుతుంది. పలచటి గుడ్డతో రెండుసార్లు వడగట్టాలి. గోరువెచ్చగా, ఒక్కో విడతకు 200 నుంచి 250 మిల్లీలీటర్లు, తొందరపడకుండా పోయాలి. ముందూ వెనకా 30 నుంచి 50 మిల్లీలీటర్ల మంచినీళ్లు పోసి గొట్టం కడగాలి. పోసేటప్పుడూ, తర్వాత కనీసం అరగంట నుంచి గంటసేపూ మనిషి తల ఎత్తుగా కూర్చునే ఉండాలి. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందా అని ప్రతిసారీ చూడాలి. జరిగితే తిండి ఆపి నర్సుకు చూపించాలి, ఇంట్లో వెనక్కి తోయకూడదు. పూడిపోతే గోరువెచ్చని నీళ్లతో నెమ్మదిగా ప్రయత్నించవచ్చు గానీ తీగ గుచ్చకూడదు. పోస్తుండగా దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. ఇదంతా రెండు నిమిషాల వీడియోలో చూపించే ఇల్లాలు గ్రూపులో ఒక్కరున్నా చాలు.

పేగు ఆపరేషన్ అయినవాళ్లకు పొట్ట మీద తగిలించే మలం సంచి సంగతీ ఇలాంటిదే. అతికించే రేకుకు రంధ్రం స్టోమా (పొట్ట మీదకు తెరిచిన పేగు నోరు) కన్నా రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దదిగా కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే మలం చర్మాన్ని తగిలి ఒరిసిపోతుంది. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువుకు రేకు ఊడుతుంది. నూనె, పౌడరు, నురగ సబ్బు రాసిన చర్మానికి జిగురు పట్టదు. మే నెల చెమటకు రెండు రోజులు ముందే ఊడుతుందని ముందుగా తెలిస్తే ఒక సంచి అదనంగా తెచ్చుకుంటారు.

కాగితాల విషయంలో గ్రూపు ఒక వారం మిగల్చగలదు. ఊళ్లో ముక్క తీయించి రిపోర్టు మాత్రమే పట్టుకుని పెద్దాసుపత్రికి వెళితే, అక్కడి పాథాలజీ వాళ్లు ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడులు అడుగుతారు. ముక్కను మళ్లీ వాళ్లే చూసి నిర్ధారించుకుంటారు మరి. వాటికోసం తిరిగి శ్రీకాకుళమో విజయనగరమో రావాల్సిందే. ‘బ్లాకు, స్లైడు కూడా అడిగి తీసుకోండి’ అన్న ఒక్క మెసేజ్‌కు రెండు రైలు టికెట్ల విలువ ఉంది.

రైలు అంటే గుర్తొచ్చేది రాయితీ. చికిత్సకో పరీక్షలకో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మొత్తం ఛార్జీ మినహాయింపు, సెకండ్ క్లాసులో 75 శాతం. తోడు వెళ్లే ఒకరికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం. 2020లో చాలా రాయితీలు ఎత్తేసినా రోగులవి ఉంచారు. ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి. ఏదో తెల్లకాగితం మీద డాక్టరు సంతకం ఉంటే చాలదని తెలియక వెనక్కి వచ్చేవారు ఎక్కువ.

పథకాల సమాచారం మాత్రం గ్రూపుల్లో తొందరగా పాచిపోతుంది. 2007లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తర్వాత అది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేరు మారినప్పుడల్లా కార్డు, పరిమితి, జాబితా గురించి కొత్త మెసేజ్‌లు పుట్టాయి, పాతవి చావలేదు. ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి గానీ, ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గర అడిగి గానీ ఖాయం చేసుకోకుండా, తేదీ లేని మెసేజ్‌ను నమ్మి ప్రయాణం కట్టడం దండగ.

పేరొక్కటే, జబ్బు వేరు

‘మా అక్కకి ఆ ఇంజెక్షన్ పద్ధెనిమిదిసార్లు ఇచ్చారు, మీకెందుకు ఇవ్వట్లేదు?’ రొమ్ము క్యాన్సర్ గ్రూపుల్లో ఇది రోజూ వినిపించే ప్రశ్న. జవాబు ముక్క పరీక్ష రిపోర్టు రెండో పేజీలో ఉంటుంది. ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షల ఫలితాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. హెర్2 పాజిటివ్ అయితే మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ అనే ఆ ఇంజెక్షన్, సుమారు ఏడాది. ఈఆర్ పాజిటివ్ అయితే అయిదు నుంచి పదేళ్ల మాత్రలు. మూడూ నెగెటివ్ అయితే ఈ రెండిటికీ చోటు లేదు. స్టేజీ ఒకటే, వయసు ఒకటే, ఊరు కూడా ఒకటే కావచ్చు, మందు వేరు. ఆ ప్రశ్న విన్న కుటుంబం మాత్రం తమ డాక్టరు ఏదో దాచాడనో, ఖరీదైన మందు తమకు ఇవ్వలేదనో అనుమానంతో రాత్రంతా గడుపుతుంది.

ఉద్దానంలో ఈ సమస్యకు మరో పొర ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉన్నదే. ఇక్కడి మనిషికి నోటి క్యాన్సరో గొంతు క్యాన్సరో వస్తే, కరెంటుతో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు పెద్ద చిక్కు. అది కిడ్నీలను దెబ్బతీసే మందు. అందుకే ప్రతి డోసుకు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు, అది పెరిగి ఉంటే డోసు ఆపుతారు, తగ్గిస్తారు, లేదా కార్బోప్లాటిన్ లాంటి మరో మందుకు మారుస్తారు. రాజమండ్రి నుంచో గుంటూరు నుంచో గ్రూపులో ఉన్న మనిషికి ఈ సంగతి తట్టదు. ‘మా వాళ్లకి ఆరు డోసులు పూర్తి చేశారు, మీకు రెండుతో ఆపేశారంటే వదిలేసినట్టే’ అంటాడు. అతని అనుభవం అబద్ధం కాదు. ఉద్దానం కిడ్నీకి అది పనికిరాదు, అంతే.

ఇదే కోవలో రెండు సలహాలు మరీ హాని చేసేవి. ఒకటి, ‘కీమో అయ్యాక రోజుకు నాలుగు లీటర్లు తాగండి’. కిడ్నీ బాగున్నవారికి నీళ్లు బాగా తాగమని డాక్టర్లే చెబుతారు. కాళ్లు వాచి, మూత్రం తగ్గిన మనిషి ఆ లెక్కన తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. రెండోది, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్. క్రియాటినిన్ అంచు మీద ఉన్నవారికి నాలుగు రోజుల నొప్పి బిళ్లలు తర్వాతి కీమోను వాయిదా వేయించగలవు.

మిగిలిపోయిన మందులు ఇచ్చిపుచ్చుకోవడం మంచి మనసుతో జరిగేదే. తెల్లకణాలు పెంచే ‘కౌంటు ఇంజెక్షన్’ ఒకటి మిగిలిందని పార్వతీపురం నుంచి బొబ్బిలికి బస్సులో పంపుతారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. ఐసు ముక్కలకు నేరుగా ఆనించి గడ్డకట్టించినా పాడవుతుంది, ఎండలో బస్సు టాపు మీద పెట్టినా పాడవుతుంది, రెండు సందర్భాల్లోనూ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. పైగా కీమో అయిన 24 గంటల లోపు దాన్ని ఇవ్వకూడదు.

పదో రోజు జ్వరం

మూడు వారాలకోసారి ఇచ్చే కీమో పడి పదో రోజు అనుకుందాం. కవిటి మండలంలో ఒక ఊరు. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో మెసేజ్: ‘అమ్మకి 101 ఉందండి, ఏటి చెయ్యాలి?’ రెండు నిమిషాల్లో జవాబులు. ‘ఏటీ అవదు బాబూ, మా ఆవిడకీ వచ్చింది, డోలో ఎయ్యండి.’ ‘తడిగుడ్డ పెట్టండన్నా.’ ‘కీమో వేడి అది, కొబ్బరినీళ్లు పట్టండి.’ ఒక దండం బొమ్మ. పదిన్నరకు కొడుకు: ‘తగ్గిందండి, పడుకుంది. అందరికీ థ్యాంక్స్.’

వైద్యపరంగా ఆ గంటలో జరిగింది ఇది. కీమో తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పడిపోతాయి. సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో రక్తమంతా పాకగలదు. చీము, వాపు, ఎర్రదనం లాంటి మామూలు గుర్తులు కనిపించవు, ఎందుకంటే చీము తయారయ్యేదే తెల్లకణాలతో. చాలాసార్లు మిగిలే ఒకే ఒక గుర్తు జ్వరం. పారాసిటమాల్ ఆ గుర్తును చెరిపేసింది. ఇన్ఫెక్షన్ అలాగే ఉంది.

అందుకే 100.4 ఫారెన్‌హీట్ చేరితే, అర్ధరాత్రైనా, అది ఎమర్జెన్సీయే. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయోటిక్ పడాలన్నది ప్రమాణం. విశాఖ మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న ఇంటికి ఈ లెక్క ఎలా కుదురుతుంది? కీమో ఇచ్చిన ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, 108లో దగ్గరి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లి, ‘కీమో అయి ఇన్ని రోజులైంది, జ్వరం ఇంత’ అని మొదటి వాక్యంలోనే చెప్పి, రక్తపరీక్షకు శాంపిల్ ఇచ్చి, మొదటి డోసు అక్కడే వేయించుకుని విశాఖ బయల్దేరాలి. డిశ్చార్జి కాగితం, కీమో మందుల పేర్లున్న చీటీ చేతిలో ఉండాలి. తెల్లారి బస్సుకు వెళదామనుకోవడం ఇక్కడ కుదరదు.

గ్రూపు తప్పు ఎలా చేసింది? జవాబిచ్చినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఇళ్లలో వచ్చిన జ్వరాలు నిజంగానే తగ్గాయి. కీమో రోజుల్లో వచ్చే ప్రతి జ్వరమూ ప్రాణం మీదకు రాదు. తగ్గనివాళ్ల తరఫున జవాబివ్వడానికి గ్రూపులో ఎవరూ మిగల్లేదు. పైగా పదిన్నరకు వచ్చిన ఆ ‘థ్యాంక్స్’ మూడు వందల ఫోన్లలో విజయంగా నమోదైంది. తెల్లవారుజామున ఆమెను ఐసీయూలో చేర్చి ఉంటే ఆ సంగతి గ్రూపులో రాసే తీరిక కొడుక్కి ఉండదు. వచ్చే నెల ఇంకొకరు అడిగితే అదే సలహా మరింత నమ్మకంగా వస్తుంది.

ఆకుమందులు, రెండు బాణాల గుర్తు

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో స్టేజీ క్యాన్సర్ నుంచి కోలుకోవడంలో వేప, పసుపు, నిమ్మనీళ్లు, ఉపవాసం ఉపయోగపడ్డాయని చెప్పిన మాటలు దేశమంతా తిరిగాయి. ఆమె ఆపరేషన్, కీమో కూడా చేయించుకున్నారు. ఫార్వర్డ్‌లో ఆ ముక్క రాలిపోయింది. టాటా మెమోరియల్‌కు చెందిన, గతంలో అక్కడ పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు ఆ మాటలు నమ్మి చికిత్స ఆలస్యం చేయవద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఫార్వర్డ్ తిరిగిన దూరంలో ఆ ప్రకటన సగం కూడా తిరిగి ఉండదనుకోవచ్చు. ఈ తేడాకు ఆధారముంది: సోషల్ మీడియాలో బాగా తిరిగిన 200 క్యాన్సర్ వ్యాసాలను నిపుణులతో పరీక్షించి 2021లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో దాదాపు మూడో వంతు తప్పుడు సమాచారమే. తప్పున్న వ్యాసాలకే స్పందన ఎక్కువ వచ్చింది.

ఇలా చాలా చేతులు మారి వచ్చే మెసేజ్ మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది, ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. దాన్ని కాపీ చేసి మళ్లీ అతికిస్తే గుర్తు పోతుంది, రాసింది పంపినాయనే అన్నట్టు కనబడుతుంది. లక్ష్మణఫలం ఆకు కషాయం మీద వచ్చే ‘స్వానుభవాలు’ ఇలా పుట్టినవి కావచ్చు. పసరుమందు వల్ల లివర్ పరీక్షలు చెడి కీమో వాయిదా పడటం ఆసుపత్రుల్లో అరుదేమీ కాదు. రోగి తాను ఏం తాగుతున్నాడో డాక్టరుకు చెప్పడు, చెబితే తిడతారని భయం. క్యాన్సర్‌ను నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. కాబట్టి గ్రూపులో ధరతో సహా వచ్చే మందు మెసేజ్‌ను అడ్మిన్ ఏమాత్రం మొహమాటం లేకుండా తీసేయవచ్చు.

పేరు, నంబరు, డబ్బు

పాత తరం ఈ జబ్బును ‘రాచపుండు’ అనేది, ఇప్పటికీ చాలా ఇళ్లలో ‘గడ్డ’ అనే అంటారు. రోగికి అసలు పేరు చెప్పని కుటుంబాలు ఎక్కువ. ఈ పరిస్థితిలో ఫోన్ తెర మీద ‘క్యాన్సర్ బాధితుల సంఘం’ అని మెరిసే గ్రూపు పేరే రహస్యం బయటపెడుతుంది. గ్రూపు పేరులో, బొమ్మలో ఆ మాట లేకుండా చూడటం సులువు. అంతకన్నా పెద్ద విషయం: వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ మిగతావారికి కనబడుతుంది. ఇప్పుడు గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. రిపోర్టు ఫొటో పెడితే పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, జబ్బు అన్నీ వెయ్యి ఫోన్ల గ్యాలరీల్లో చేరిపోతాయి. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంటికి మన సమాజంలో దీని అర్థం ఏమిటో విడమర్చనక్కర్లేదు.

ఆ నంబర్ల కోసమే చేరేవాళ్లూ ఉంటారు. నకిలీ విరాళాల క్యూఆర్ కోడ్, ముఖ్యమంత్రి సహాయనిధి ఇప్పిస్తామని కమీషన్ అడిగే మధ్యవర్తి, మందుల సగం ధర పేరుతో అడ్వాన్సు. సహాయనిధి దరఖాస్తుకు కమీషన్ ఉండదు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే తిరిగి పట్టుకునే అవకాశం అంత ఎక్కువ. విరాళం ఇవ్వదలిస్తే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో రోగి ఖాతాకు నేరుగా కట్టడం మేలు.

నిలబడే గ్రూపు ఎలా ఉంటుంది?

పెద్ద గ్రూపు కన్నా చిన్నది నయం. నలభై నుంచి అరవై మంది, ఒకే జబ్బు, వీలైతే ఒకే ఆసుపత్రి దారి. ఒక్కో జబ్బుకు ఒక్కో బృందం అన్నది 1995లో ఏకార్ పాటించిన పద్ధతే. నోటి క్యాన్సర్ వాళ్లకు రక్త క్యాన్సర్ పిల్లల కబుర్లు పనికిరావు, భయం మాత్రం అంటుకుంటుంది.

చదవడం రాని పెద్దవాళ్లు, తెలుగు మాట్లాడగలిగినా రాయలేని ఒడియా, సవర కుటుంబాలు గ్రూపులో ఉంటే వాయిస్ మెసేజ్ తప్పదు. దాని చిక్కు దానికి ఉంది: వాయిస్‌లో చెప్పిన తప్పును తర్వాత వెతికి దిద్దలేం. కొత్తగా చేరినవారికి పాత సంభాషణ మామూలుగా కనిపించదు కూడా. అందుకే అడ్మిన్లలో ఒకరు మంచి జవాబులను రెండు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, వేరే ఫైలుగా ఉంచుకుంటే అదే గ్రూపు ఆస్తి అవుతుంది.

జ్వరం మాటను వాదనకు వదలకూడదు. గ్రూపు వివరణలో మొదటి వాక్యంగా ‘జ్వరం 100.4 చేరితే ఇక్కడ అడగొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేయండి, 108’ అని ఉండాలి. ఆగని రక్తస్రావం, ఆయాసం, ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడటం కూడా అదే వరుసలోవి. మందు ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా, డాక్టరును ఏమని అడగాలో రాసిపెట్టడం అన్నిటికన్నా మంచి సాయం: ‘క్రియాటినిన్ ఎంత, అందుకే మందు మార్చారా?’ రిటైరైన నర్సు ఒకరు గ్రూపులో ఉంటే ఈ పని చాలా తేలిక.

కుంగుబాటు, చనిపోవాలన్న మాటలు వస్తే అడ్మిన్ విడిగా ఫోన్ చేయాలి, మానసిక సాయం అందించే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వాలి. ఈ మాటలు రోగి కన్నా తోడున్నవారి నుంచి వచ్చే సందర్భాలూ ఉంటాయి. మార్ఫిన్ రాశారంటే అయిపోయినట్టే అన్న నమ్మకాన్ని కూడా తుంచేయాలి. నొప్పి ఎక్కువగా ఉన్నవారు నెలల తరబడి వాడే మందు అది. దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రాశారా అని అడిగితే చాలు.

మరణం గ్రూపులో అందరికన్నా ముందు రేపు కీమో మొదలయ్యే మనిషిని తాకుతుంది. అర్ధరాత్రి వరుసగా వచ్చే నూటయాభై దండం బొమ్మలు ఆ ఇంటికి నిద్ర లేకుండా చేస్తాయి. అడ్మిన్ పొద్దున్నే ఒక్క మెసేజ్ పెట్టి, ఓదార్పు మాటలు ఆ కుటుంబానికే నేరుగా పంపమని అడగడం మేలు. పోయినవారి ఇంటి నంబరును వెంటనే తీసేయడం కూడా తొందరపాటే. పదిహేను రోజులాగి, ఉంటారా అని వాళ్లనే అడగాలి. కొందరు ఉంటామంటారు. మొలకల చోడిపిండి ఎలా ఆడించాలో, దువ్వాడలో ఏ బండి ఆగుతుందో కొత్తగా చేరిన ఇంటికి చెప్పేది చాలాసార్లు వాళ్లే.